యాత్రారేఖ నుండి చిత్రానికి: సత్వర రేఖాచిత్రాల ఆకర్షణ, కళారూపంగా వాటి పరిణామం

వ్యాససంగ్రహం

ప్రయాణంలో కొద్ది నిమిషాల వ్యవధిలో గీసిన రేఖాచిత్రాలు, తీరికగా పూర్తిచేసిన చిత్రాలకంటె ఎక్కువగా మనసుకు హత్తుకోవడం కళాభిమానులందరికీ అనుభవంలో ఉన్నదే. ఆ గీతలనే ఆధారం చేసుకొని ఇంటివద్ద పెద్ద చిత్రం వేసినప్పుడు మొదటి గీతలోని జీవం తగ్గిపోవడమూ అనుభవంలో ఉన్నదే. ఈ రెండింటికీ మూలం ఒక్కటేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సత్వరరేఖ బలం అది విడిచిపెట్టిన వివరాలలో ఉంటుంది. కళారూపంగా మలిచేటప్పుడు ఆ ఖాళీలను నింపితే చిత్రం బలహీనపడుతుంది. ఆ ఎంపికను గుర్తించి కాపాడితే బలపడుతుంది. ఈ ప్రతిపాదనను భారతీయ చిత్రశాస్త్ర పరిభాష, జనగామ – మహబూబాబాదు – భూపాలపల్లి ప్రాంతపు దృశ్యాలు, కొందరు చిత్రకారుల, యాత్రారచయితల కృషి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: యాత్రారేఖ, అవిద్ధచిత్రం, షడంగాలు, ధ్వని, రఘునాథపల్లి, రామప్ప, కొండపల్లి శేషగిరిరావు, యాత్రాచరిత్ర.

1. ప్రవేశిక

సికింద్రాబాదు నుండి కాజీపేటకు వెళ్లే రైలుమార్గంలో జనగామ దాటాక రఘునాథపల్లి వస్తుంది. పాసింజరు బండి ఇటువంటి చిన్న స్టేషనులో ఆగేది ఒకటి రెండు నిమిషాలే. ఆ వ్యవధిలో ప్లాట్‌ఫారం మీది వేపచెట్టును, తలమీద మూటతో బండికోసం నడిచివచ్చే మనిషిని, వెనుక దూరంగా కనిపించే రాతిగుట్టను ఒక చిన్న పుస్తకంలో గీసుకోవచ్చు. బండి కదిలేసరికి కాగితం మీద పది పదిహేను గీతలకు మించి ఉండవు. అయినా ఆ ఊరు ఆ గీతలలో గుర్తుపట్టేలా నిలుస్తుంది.

ఇటువంటి గీతలను చిత్రకారులు వాడుకలో ‘స్కెచ్’ అంటారు. తెలుగులో రేఖాచిత్రం అనే మాట స్థిరపడింది. అయితే రేఖాచిత్రాన్ని రోజుల తరబడి ఓపికగానూ వేయవచ్చు. అందువల్ల ప్రయాణంలో, కదిలే దృశ్యం ఎదుట, స్వల్పకాలంలో గీసినదానిని ఈ వ్యాసంలో ‘యాత్రారేఖ’ అని, దాని వేగాన్ని సూచించవలసినచోట ‘సత్వరరేఖ’ అని వ్యవహరించడమైనది.

ఇక్కడ రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. అసంపూర్ణంగా ఉన్న గీత ఎందుకు ఆకర్షిస్తుంది? ఆ ఆకర్షణ చెడకుండా దానిని సంపూర్ణమైన కళారూపంగా ఎలా మలచవచ్చు? ఈ ప్రశ్నలు చిత్రకారులకు మాత్రమే సంబంధించినవి కావు. ప్రయాణంలో రాసుకున్న చిత్తుప్రతి నుండి యాత్రాకథనాన్ని రూపొందించే రచయితకూ ఇదే సమస్య ఎదురవుతుంది. కనుక ఇది సాహిత్య విద్యార్థులకూ అవసరమైన చర్చ.

2. అవిద్ధచిత్రం: శాస్త్రంలో సత్వరరేఖ స్థానం

సత్వరరేఖ పాశ్చాత్యుల నుండి వచ్చిన ఆధునిక అలవాటని, భారతీయ సంప్రదాయం తీర్చిదిద్దిన చిత్రాలనే ఆదరించిందని ఒక అభిప్రాయం ఉంది. శాస్త్రగ్రంథాలు ఈ అభిప్రాయాన్ని పూర్తిగా సమర్థించవు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం, చిత్రంలోని గుణాలలో ఆచార్యులు ఆదరించేది రేఖనేనని పేర్కొంటుంది. రంగుల సమృద్ధిని మెచ్చుకోవడం సామాన్యుల దృష్టి అని దాని అభిప్రాయం.

ఇంతకంటె ముఖ్యమైన ఆధారం మానసోల్లాసంలో లభిస్తుంది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన ఈ గ్రంథం చిత్రభేదాలను వివరిస్తుంది. అద్దంలోని ప్రతిబింబంవలె వస్తువును యథాతథంగా చూపేది విద్ధచిత్రం. గీయాలనే తలంపు అకస్మాత్తుగా కలిగి, ఆకారమాత్రం సిద్ధించేలా గీసినది అవిద్ధచిత్రం. వీటితోపాటు రసచిత్రం, ముగ్గువంటి ధూళిచిత్రం అనే భేదాలు కూడా అందులో కనిపిస్తాయి. అవిద్ధచిత్రాన్ని విద్ధచిత్రానికి ముందుదశగా గాక, ఒక ప్రత్యేక భేదంగా గ్రహించడం గమనించదగిన అంశం. అవిద్ధం అంటే పూర్తికాని విద్ధం కాదు. దాని లక్ష్యం వేరు, దాని సిద్ధి వేరు.

ఈ లక్షణం ఓరుగల్లు ప్రాంతానికి దూరమైనదీ కాదు. మానసోల్లాసం వెలువడిన కాలానికి కాకతీయులు కల్యాణి చాళుక్యుల సామంతులుగా హనుమకొండ నుండి పాలిస్తున్నారు. నేటి జనగామకు సమీపంలోని కొలనుపాక చాళుక్యుల కాలంలో ప్రసిద్ధ కేంద్రం. యాత్రారేఖను అవిద్ధచిత్రంగా పరిగణించడం వల్ల ఒక సౌలభ్యం కలుగుతుంది. ‘ఇది ఎంతవరకు పూర్తయింది?’ అని అడగవలసిన అవసరం తీరి, ‘ఆకారం సిద్ధించిందా?’ అని మాత్రమే అడగవలసి వస్తుంది.

3. ఆకర్షణకు కారణాలు

యాత్రారేఖ ఆకర్షణను మూడు కారణాలుగా విడదీయవచ్చు.

3.1 ఎంపిక: సమయం తక్కువైనప్పుడు చేయి అన్నింటినీ గీయలేదు. ఏది ముఖ్యమో కన్ను వెంటనే తేల్చుకోవాలి. రామప్ప ఆలయంలో కప్పు చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికను ఐదు నిమిషాలలో గీయవలసి వస్తే, చిత్రకారుడు ముందుగా పట్టుకొనేది ఆ ఒరుగునే. స్తంభం నుండి చూరువైపు వాలిన ఒకే ఒక రేఖ మీద శరీరపు వంపు, చేతి కదలిక ఆధారపడి ఉంటాయి. నల్లని డోలరైటు రాతి మెరుపు, ఆభరణాల చెక్కడం తరువాతి విషయాలు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ ఆలయాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి శిల్పాలకు లెక్కలేనన్ని ఛాయాచిత్రాలు ఉన్నాయి. వాటిలో ఆభరణాలన్నీ కనిపిస్తాయి. ఒరుగు మాత్రం ఆ వివరాల మధ్య కలిసిపోతుంది. ఆ శిల్పభంగిమలను, జాయపసేనాని నృత్తరత్నావళిని ఆధారం చేసుకొని నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించారు. రాతిలో నిలిచిన గతిని చూడగలిగితేనే అది సాధ్యం. సత్వరరేఖ కన్నుకు నేర్పేది ఈ చూపునే.

3.2 ధ్వని: ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మగా ప్రతిపాదించిన ధ్వని, వాచ్యం కాని అర్థాన్ని సహృదయుడు తనంతట తాను గ్రహించడంలో ఉంది. యాత్రారేఖలో గీయని భాగం ఇదే పని చేస్తుంది. ఒక గుట్ట ఎడమ అంచును మాత్రమే గీసి కుడివైపు కాగితాన్ని ఖాళీగా వదిలితే, అక్కడ మిట్టమధ్యాహ్నపు ఎండ ఉందని చూసేవారు గ్రహిస్తారు. ఆ ఎండను రంగుతో చూపితే అది వాచ్యమవుతుంది. ఖాళీ ద్వారా స్ఫురించినప్పుడు చూసేవారికి అందులో భాగస్వామ్యం లభిస్తుంది. అసంపూర్ణత ఆకర్షించడానికి ఇది ముఖ్యకారణం. అయితే ప్రతి ఖాళీ ధ్వని కాజాలదు. చుట్టూ ఉన్న గీతలు తగిన దిశను సూచించినప్పుడే ఖాళీకి అర్థం కలుగుతుంది.

3.3 సన్నిధి: యాత్రారేఖ ఒక మనిషి ఒకచోట ఒక సమయంలో ఉన్నాడనడానికి గుర్తు. బండి కుదుపుకు వంకరపోయిన గీత, చినుకు పడి అలికిన సిరా, మధ్యలో ఆగిపోయిన బొమ్మ ఆ సన్నిధిని తెలుపుతాయి. చెరిపి సరిదిద్దిన చిత్రంలో ఈ గుర్తులు మాయమవుతాయి.

4. కిటికీ, కోట: గీసే పద్ధతి

ఆకర్షణకు కారణాలు తెలిసినంత మాత్రాన గీత సిద్ధించదు. గీసే స్థితి ఎంపికను ఎలా నిర్దేశిస్తుందో రెండు సందర్భాల ద్వారా పరిశీలించవచ్చు.

మొదటిది కదిలే రైలు. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతూ, కిటికీ నుండి సుమారు 60 డిగ్రీల మేర దృశ్యం కనిపిస్తున్నదనుకుందాం. పట్టాలకు 20 మీటర్ల దూరంలోని తుమ్మచెట్టు ఒకటిన్నర సెకను లోపలే చూపు దాటిపోతుంది. రెండు కిలోమీటర్ల దూరంలోని గుట్ట రెండు నిమిషాలకు పైగా కనిపిస్తూనే ఉంటుంది. అందువల్ల రైలులో గీసేటప్పుడు దూరంగా ఉన్న గుట్టల అంచులను చూస్తూ గీయాలి. దగ్గరి చెట్లను, స్తంభాలను జ్ఞాపకం నుండి గీయాలి. ఒక తుమ్మచెట్టు దాటిపోయినా అటువంటివే పది చెట్లు వెనుక వస్తాయి. ఆ పదింటికీ సమానమైన లక్షణం, అంటే గొడుగులా పరచుకొన్న తల, వంగిన మొదలు, చేతికి అందుతుంది. ఈ విధంగా రైలుకిటికీ ఒక చెట్టు నుండి ఆ చెట్టు జాతిని పట్టుకోవడం నేర్పుతుంది.

రెండవది నిలిచిన కట్టడం. రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపురం సర్వాయి పాపన్నతో ముడిపడిన ఊరు. 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో మొగలు అధికారాన్ని ఎదిరించి, 1708లో ఓరుగల్లును ముట్టడించిన పాపన్న కథ జానపద గాయకుల నోట నేటికీ బతికి ఉంది. ఆ ఊరి రాతికోట ఎదుట కూర్చున్నవారికి సమయం కొరత లేదు. కోట కదలదు. ఇక్కడ ప్రమాదం వేరు. ఒక్కొక్క రాయినీ గీయాలనే కోరిక కలుగుతుంది. అందువల్ల చిత్రకారుడు తనకు తానే వ్యవధిని విధించుకోవాలి. మొదటి గీతకు రెండు నిమిషాలు, రెండవదానికి ఐదు, మూడవదానికి పదిహేను అని నియమం పెట్టుకొంటే, మొదటి దానిలో బురుజు బరువు, రెండవదానిలో ఎండనీడల విభజన, మూడవదానిలో గోడ అమరిక నిలుస్తాయి. తరువాత పెద్ద చిత్రం వేసేటప్పుడు ఈ మూడింటిలో ఎక్కువగా ఉపకరించేది తరచుగా మొదటిదే అవుతుంది.

రెండు సందర్భాలలోనూ గీత పక్కన మాటలు రాసుకోవడం అవసరం. ‘ఎర్రమట్టి, ఇటుకకంటె నలుపు’, ‘నీడలో నీలం’, ‘గాలి కుడినుండి’ వంటి చిన్న గుర్తులు, తేదీ, వేళ, ఊరి పేరు చాలు. రంగు చాలా త్వరగా మరపునకు వస్తుంది. మాట దానిని నిలుపుతుంది.

5. గీత నుండి చిత్రానికి: షడంగాల వెలుగులో

కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో చిత్రానికి ఆరు అంగాలు చెప్పబడ్డాయి. అవి రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. 20వ శతాబ్ది ఆరంభంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ వీటిని వివరించి ఆధునిక చిత్రకారుల దృష్టికి తెచ్చారు. వీటిని సాధారణంగా పూర్తయిన చిత్రానికి కొలతలుగా చెప్పుకొంటారు. యాత్రారేఖకు అన్వయించినప్పుడు ఇవి రెండు స్థలాలకు చెందినవిగా విడిపోవడం కనిపిస్తుంది.

రూపభేదం, ప్రమాణం, భావం అనే మూడూ దృశ్యం ఎదుటే లభించాలి. గుట్ట ఆకారం, దానికి చెట్టుతో ఉన్న కొలత, ఆ వేళ కలిగిన మనఃస్థితి అక్కడ పట్టుకోకపోతే ఇంటివద్ద కల్పించడం కష్టం. లావణ్యయోజనం, వర్ణికాభంగం ఇంటివద్ద చేయవలసినవి. అంగాల మధ్య పొందిక, రంగుల తయారీ, కుంచె నడక సావకాశాన్ని కోరుతాయి.

మిగిలిన సాదృశ్యమే చర్చనీయమైనది. పెద్ద చిత్రం దేనిని పోలి ఉండాలి? స్థలాన్ని పోలాలనుకొంటే చిత్రకారుడు ఛాయాచిత్రాలను ఎదుట పెట్టుకొని మెట్లు, కిటికీలు, కొమ్మలు ఒక్కొక్కటిగా చేరుస్తాడు. ఫలితంగా విద్ధచిత్రం తయారవుతుంది. అవిద్ధచిత్రంలోని ప్రాణం పోతుంది. సాదృశ్యం మొదటి గీతతో ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్థలం నుండి గీత ఏమి ఎంచుకొన్నదో, చిత్రం దానినే పోలాలి. ఛాయాచిత్రాన్ని మెట్ల సంఖ్యవంటి వాస్తవాలు సరిచూసుకోవడానికి వాడుకోవచ్చు. చిత్రం అమరికను మాత్రం దానికి అప్పగించకూడదు.

ఈ సూత్రాన్ని ఆచరణలో ఐదు దశలుగా చెప్పవచ్చు.

ఒకటి, మూలరేఖను సరిదిద్దకుండా యథాతథంగా ఉంచాలి. పని అంతా దాని నకలు మీదనే సాగాలి.

రెండు, మూలరేఖలో ఏవి లేవో ఒక జాబితాగా రాసుకోవాలి. ఆకాశం లేదు, నేల లేదు, ముఖంలో కన్నులు లేవు అని గుర్తించినప్పుడు, వాటిలో ఏవి లేకపోవడం వల్ల గీత బాగుందో తెలుస్తుంది.

మూడు, అగ్గిపెట్టెంత పరిమాణంలో నాలుగైదు అమరికలు గీసి చూడాలి. ముఖ్యమైన రేఖ కాగితంలో ఎక్కడ నిలవాలో ఈ దశలో తేలుతుంది.

నాలుగు, వెలుగు, నడిమి నీడ, చీకటి అనే మూడు స్థాయిలకు దృశ్యాన్ని కుదించాలి. రంగులు ఈ మూడింటికి లోబడి ఉండాలి.

ఐదు, ముఖ్యమైన రేఖను చిత్తుకాగితాల మీద చేతికి అలవాటయ్యేవరకు పదేపదే గీసి, చివరికి పెద్ద కాగితం మీద ఒకే ఊపులో గీయాలి. మూలరేఖ వేగం తొందర వల్ల వచ్చింది. ఈ రెండవ వేగం సాధన వల్ల రావాలి.

ఈ ఐదవ దశకు మన ప్రాంతపు సంప్రదాయంలోనే ఒక పోలిక ఉంది. జనగామకు సమీపంలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు, గంజి పట్టించి పటాన్ని సిద్ధం చేస్తారు. ఎర్రని నేపథ్యం, దేహవర్ణాలు, వస్త్రాలు నింపిన తరువాత చివరగా నల్లని అంచురేఖలను కుంచెతో తీరుస్తారు. యాత్రారేఖలో గీత మొదట వస్తుంది, చేర్యాల పటంలో చివర వస్తుంది. అయితే ఆ చివరి గీతలో తడబాటు కనిపించదు. తరతరాల సాధన దానికి వేగాన్ని ఇచ్చింది. యాత్రారేఖను పెద్దచిత్రంగా మలిచేవారు ఈ పటాలను శ్రద్ధగా చూడవలసి ఉంది.

6. చిత్రకారుల దారులు

పై ప్రతిపాదనను కొందరు చిత్రకారుల కృషితో సరిచూడవచ్చు.

ఫ్రెంచి చిత్రకారుడు దెలాక్రువా 1832లో ఒక దౌత్యబృందంతో మొరాకో వెళ్లి, నోటుపుస్తకాల నిండా త్వరితరేఖలు, నీటిరంగుల మరకలు, పక్కన మాటల గుర్తులు నింపుకొన్నాడు. తిరుగుప్రయాణంలో చూసిన అల్జీర్స్ నగరం ఆధారంగా 1834లో ‘అల్జీర్స్ స్త్రీలు’ చిత్రాన్ని ప్రదర్శించాడు. ఆ యాత్ర జ్ఞాపకాలు తరువాతి మూడు దశాబ్దాల చిత్రాలకు ఆధారమయ్యాయి. చిన్న చిన్న వివరాలను మరచిపోయి, మనసును తాకిన అంశం మాత్రమే మిగిలిన తరువాతనే తన ఆఫ్రికా చిత్రాలు చెప్పుకోదగినవి కాసాగాయని ఆయన 1853లో తన దినచర్యలో నమోదు చేసుకొన్నాడు. మరపు కూడా చిత్రరచనలో ఒక పనిముట్టు అని దీనివల్ల తెలుస్తుంది.

ఆంధ్రదేశంలో దామెర్ల రామారావు (1897–1925) పేరు ఈ సందర్భంలో తప్పక స్మరించదగినది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే, రామారావును, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం వంటి యువకులను ప్రోత్సహించి అజంతాకు తీసుకొని వెళ్లారు. రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదువుకొని, గుజరాతు, కాఠియావాడ ప్రాంతాలలో పర్యటించి, తిరిగివచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాలను స్థాపించారు. 28 ఏళ్లు నిండకుండానే మశూచితో మరణించారు. ఆయన పేరిట రాజమహేంద్రవరంలో వెలసిన చిత్రశాలలో తైలవర్ణ, జలవర్ణ చిత్రాలతోపాటు పెన్సిల్ గీతలనూ భద్రపరచారు. పూర్తయిన చిత్రాలలో కనిపించే లయబద్ధమైన దేహరేఖలకు వెనుక ఎంత పరిశీలన ఉన్నదో అర్థం చేసుకోవడానికి ఆ గీతలు ఆధారాలు. అవి నశించి ఉంటే ఇంత స్వల్పకాలంలో ఎదిగిన చిత్రకారుని ఎదుగుదలను అంచనా వేయడం కష్టమయ్యేది.

శాంతినికేతనంలో నందలాల్ బోస్ సత్వరరేఖను బోధనలో భాగం చేశారు. జేబులో ఇమిడే కార్డులమీద ఆయన వేసిన గీతలు వేల సంఖ్యలో ఉన్నాయి. 1938 హరిపుర కాంగ్రెసు మహాసభల కోసం చిత్రాలు వేయవలసి వచ్చినప్పుడు ఆయన ముందుగా అక్కడి గ్రామీణుల పనిపాటలను రేఖలలో నమోదు చేసుకొన్నారు. ఆ తరువాత వేసిన పటాలలో డప్పు కొట్టేవాడు, వడ్రంగి, రైతు కొద్దిపాటి గట్టి రేఖలతో, చదునైన రంగులతో నిలిచారు. గీతలోని ఎంపిక పెద్ద పటానికి చెదరకుండా చేరడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆ నందలాల్ బోస్ వద్ద శిక్షణ పొందిన తెలుగు చిత్రకారులలో కొండపల్లి శేషగిరిరావు (1924–2012) ఒకరు. మహబూబాబాదు ప్రాంతంలోని పెనుగొండలో జన్మించిన ఆయన హైదరాబాదు చిత్రకళాశాలలో చదివి, మెహదీ నవాజ్ జంగ్ ప్రోత్సాహంతో శాంతినికేతనం వెళ్లారు. తిరిగివచ్చి హైదరాబాదులో అధ్యాపకులుగా అనేకమంది చిత్రకారులను తీర్చిదిద్దారు. పురాణ, కావ్య ఇతివృత్తాలతోపాటు దక్కను రాళ్లు ఆయనకు ప్రియమైన వస్తువులు. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి ఈ గ్రానైటు రాళ్లు ఎండావానలకు గుండ్రబడి ఒకదానిపై ఒకటి నిలిచి ఉంటాయి. వాటిని గీసేవారికి రెండు దారులు ఉన్నాయి. ప్రతి పగులును చూపవచ్చు, లేదా ఒక రాయి మరొకదానిమీద మోపిన బరువును చూపవచ్చు. శేషగిరిరావు రాళ్ల చిత్రాలలో రెండవదారి కనిపిస్తుంది. రాళ్ల నడుమ మనిషి లేకున్నా వాటికి పాత్రలవంటి వ్యక్తిత్వం కలగడానికి ఇదే కారణమని భావించవచ్చు.

7. మాటల యాత్రారేఖ

యాత్రారేఖకు సాహిత్యంలో సమానరూపం యాత్రికుని దినచర్య. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకొన్నారు. మజిలీ మజిలీకి తాను రాసుకొన్న విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు తెలియజేయగా, అవి 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చయ్యాయి. ఊరి పేరు, దారి స్థితి, నీటి వసతి, అంగళ్లు, బస దొరికే తీరు అనే కొద్ది అంశాలతో ఆయన ఒక్కొక్క ఊరిని నిలబెడతారు. వర్ణనకు తీరిక లేని యాత్రికుని ఎంపిక అది. సంప్రదాయ ప్రబంధంలోని పురవర్ణనతో పోల్చితే ఇది అవిద్ధచిత్రం. నేటికీ ఆ గ్రంథం సజీవంగా ఉండడానికి ఆ ఎంపికే ముఖ్యకారణం.

మరొక ఉదాహరణ సంజీవదేవ్ (1914–1999). తుమ్మపూడికి చెందిన ఈ రచయిత స్వయంగా చిత్రకారుడు. హిమాలయ ప్రాంతాలలో సంచరించి, కులూ లోయలో నికొలస్ రోరిక్‌తో గడిపినవాడు. ఆయన స్వీయచరిత్రలో యాత్రానుభవాలు చాలా ఏళ్ల తరువాత రూపం దాల్చాయి. వివరాలు తగ్గి, వెలుగు, నిశ్శబ్దం, మనుషుల ఆత్మీయత వంటివి మిగలడం ఆ వచనంలో గమనించవచ్చు. దెలాక్రువా విషయంలో మరపు చేసిన పనిని ఇక్కడ కాలవ్యవధి చేసింది.

యాత్రాసాహిత్యాన్ని బోధించే తరగతులలో ఈ పోలికను అభ్యాసంగా మార్చవచ్చు. విద్యార్థులు ఒక బస్సు ప్రయాణంలో ఐదు వాక్యాలు, ఒక గీత తెచ్చి, వారం తరువాత ఆ రెండింటి ఆధారంగా రెండు పుటలు రాస్తే, ఏది నిలిచిందో, ఏది నింపబడిందో వారికే స్పష్టమవుతుంది.

8. గీతల భద్రత

యాత్రారేఖకు కళావిలువతోపాటు సాక్ష్యవిలువ ఉంది. అమరావతి స్తూపం ఇందుకు గట్టి నిదర్శనం. 19వ శతాబ్ది తొలిపాదంలో కర్నల్ మెకంజీ తన సిబ్బందిచేత అక్కడి శిల్పఫలకాలకు చిత్రాలు వేయించాడు. ఆ సున్నపురాతి ఫలకాలలో కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. వాటి రూపం నేడు ఆ చిత్రాల ద్వారానే తెలుస్తున్నది. అవి సర్వే కోసం ఓపికగా వేసినవే అయినా, స్థలంలో గీసిన గీతకు ఎంతటి బాధ్యత ఉండగలదో చెబుతున్నాయి.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఈ బాధ్యత నేటికీ ఉంది. ఘనపురం కోటగుళ్లు, పాండవులగుట్ట శిలాశ్రయాలు, ఊరూరా శిథిలమవుతున్న బురుజులు, పెంబర్తి ఇత్తడి పనివారి కొలుములు, పాత పెంకుటిళ్లు గీతకు ఎదురుచూస్తున్నాయి. గ్రానైటు తవ్వకాల వల్ల దక్కను గుట్టల ఆకారమే మారిపోతున్నది. చేతిఫోను ఉండగా గీత ఎందుకన్న ప్రశ్న సహజం. ఫోను దృశ్యాన్ని క్షణంలో నమోదు చేస్తుంది, కాని చూడవలసిన అవసరాన్ని కూడా తగ్గిస్తుంది. పది నిమిషాలు గీసినవారికి ఆ బురుజు ఏవైపు ఒరిగిందో, ఏ వరుసలో రాళ్లు మారాయో తెలుస్తుంది. అక్కడ కూర్చున్నందుకు పలకరించే ఊరివారి నుండి ఆ కట్టడం కథ కూడా లభిస్తుంది.

ఇంతటి విలువ ఉన్నా, గీతల పుస్తకాలను చిత్తుగా భావించి పారవేయడం మన ఇళ్లలో సాధారణం. చిత్రకారుడు మరణించిన తరువాత చట్రం కట్టిన చిత్రాలు మిగులుతాయి. పుస్తకాలు పాతకాగితాలతో పోతాయి. వాటిని కాపాడడానికి పెద్ద వ్యయం అవసరం లేదు. ప్రతి గీతకు తేదీ, స్థలం రాయడం, పెన్సిల్ గీతలు అలుక్కుపోకుండా పుటల మధ్య పలుచని కాగితం ఉంచడం, చెమ్మకు, ఎండకు దూరంగా దాచడం, అంగుళానికి 300 చుక్కలకు తగ్గని స్పష్టతతో ప్రతిబింబాలు తీసి ఉంచడం చాలు. కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు తమ పరిధిలోని చిత్రకారుల, చిత్రలేఖన ఉపాధ్యాయుల పుస్తకాలను ఈ విధంగా సేకరిస్తే, స్థానిక చరిత్రకు వేరెక్కడా దొరకని ఆధారం సమకూరుతుంది.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• యాత్రారేఖ పూర్తికాని చిత్రం కాదు. మానసోల్లాసం పేర్కొన్న అవిద్ధచిత్ర లక్షణం దానికి స్వతంత్ర స్థానాన్ని ఇస్తుంది.

• ఎంపిక, ధ్వని, సన్నిధి అనే మూడు గుణాలు దాని ఆకర్షణకు కారణాలు. ఈ మూడూ సమయాభావం నుండి పుట్టినవే.

• షడంగాలలో రూపభేదం, ప్రమాణం, భావం స్థలంలోనూ, లావణ్యయోజనం, వర్ణికాభంగం ఇంటివద్దనూ సిద్ధిస్తాయి. సాదృశ్యం స్థలంతో కంటె మొదటి గీతతో ఉండడం మేలు.

• దెలాక్రువా, నందలాల్ బోస్, కొండపల్లి శేషగిరిరావుల చిత్రాలలోనూ, కాశీయాత్రచరిత్ర, సంజీవదేవ్ రచనలలోనూ విడిచిపెట్టడం ఒక నిర్మాణసూత్రంగా కనిపిస్తుంది.

• గీతల పుస్తకాలు కళాచరిత్రకు, స్థానిక చరిత్రకు ప్రాథమిక ఆధారాలు. వాటి సేకరణ జిల్లా స్థాయిలో ఆరంభం కావలసి ఉంది.

యాత్రారేఖను చేపట్టడానికి సుదూరయాత్రలు అవసరం లేదు. ఒక పెన్సిల్, అరచేతిలో ఇమిడే పుస్తకం, రఘునాథపల్లి వంటి చిన్న స్టేషనులో బండి ఆగే రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలలో ఏమి గీయాలో తేల్చుకోగలిగిన కన్ను, తరువాత ఏమి చేర్చకూడదో కూడా తెలుసుకోగలుగుతుంది.